గురువారం విస్తరి

మా ఆయనకు భక్తి పుట్టిందని మా అత్తగారు వీధంతా చెప్పుకొచ్చిన రోజున నాకు మాత్రం అన్నం సహించలేదు. భక్తి ఎవరికైనా పుట్టొచ్చు, కాదనను. కానీ బసవయ్యకు పుట్టడమేమిటి? పురోహితుడు వద్దు, మంత్రాలు వద్దు అని భీష్మించుకుని, కంకిపాడులో ఒక బడి వరండాలో రెండు దండలు మార్చుకుని, పార్టీ మాస్టారొకాయన చేత ఉపన్యాసం చెప్పించి నన్ను పెళ్లాడిన మనిషి. ఆ కోపంతోనే మా అత్తగారు వెంకటరత్నమ్మ కన్నకొడుకు పెళ్లికి రాలేదు. ఇంట్లో ఆవిడ దేవుడి పటాలన్నీ వంటింటి గూట్లోనే ఉండేవి. ముందు గదిలో పెడితే తను ఇంట్లో ఉండనని మా ఆయన శాసనం.

అలాంటివాడు, ఎమర్జెన్సీ వచ్చిన ఆ వానాకాలంలో, ఒక బుధవారం సాయంత్రం గవర్నరుపేటలో ప్రెస్సు నుంచి వస్తూ వస్తూ గోనెస్వామి చరిత్ర చంకలో పెట్టుకుని దిగాడు. రేపు తెల్లారే నీళ్లు కాగబెట్టు, తలంటు పోసుకుని గురువారం పారాయణ మొదలుపెడతానన్నాడు. మా అత్తగారు ఆ పుస్తకాన్ని గభాలున లాక్కుని, చంకలో పెట్టుకోకూడదురా సన్నాసీ అని కళ్లకద్దుకుని ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. నేను ఆయన మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. ఆయన నా వంక చూడలేదు.

గోనెస్వామి అంటే దివిసీమ వైపు కాలవగట్ల మీద తిరిగిన అవధూత. ఒంటి మీద గోనెపట్టా తప్ప గుడ్డ ఎరగడు. బతికినన్నాళ్లూ తన పేరేమిటో ఊరేమిటో ఎవరికీ చెప్పలేదట. అందుకని ఆయన చరిత్ర పారాయణకు ఒక నియమం ఉంది. గురువారం ఒక అధ్యాయం పైకి చదవాలి. చదవడం అవగానే ముందు గదిలో విస్తరి వెయ్యాలి. ఆ పూట మొదట గడప తొక్కిన మనిషిని స్వామి అనుకుని అందులో వడ్డించాలి. ఎవరు మీరు, ఏ ఊరు అని మాత్రం అడగకూడదు. అడిగితే పారాయణంతా బూడిదలో పోసిన పన్నీరే. మా అత్తగారికి ఈ నియమాలన్నీ కంఠతా వచ్చు. ఆవిడ పుట్టిల్లు పామర్రు, అక్కడ ఇంటింటా ఈ పారాయణ ఉండేది.

నాకు అనుమానం ఎక్కువ అని మా అత్తగారు అంటుండేది. ఎక్కువే. పుస్తకం వాళ్ల ప్రెస్సులో అచ్చయిందే, అది సరే. చదవమని చెప్పిందెవరు? మొదట నా అనుమానం వెనక వీధి పద్మావతమ్మ మీదికి పోయింది. మొగుడు పోయిన మనిషి, గురువారాలు ఇంట్లో భజన పెట్టిస్తుంది, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. ఆ సొట్ట నాకు ఎప్పుడూ నచ్చలేదు. కరివేపాకు వంకతో వాళ్లింటికి వెళ్లి, మా ఆయన మీ భజనకు వచ్చాడట కదా అని రాయి వేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి, బసవయ్యగారా, మా గుమ్మం ఎప్పుడన్నా తొక్కారా అమ్మా, ఈసారి నువ్వే తీసుకురా అంది. అబద్ధం ఆడే మొహం కాదది. కరివేపాకుతో పాటు రెండు నిమ్మకాయలు కూడా ఇచ్చి పంపింది.

ఆడమనిషి కాదని తేలాక నాకు ఇంకా భయం పట్టుకుంది. ఆడమనిషైతే పోట్లాడి తేల్చుకోవచ్చు, ఇంకేమైనా అయితే ఏం చెయ్యాలో నాకు తెలియదు కదా.

మొదటి గురువారం అత్తగారి పటాలు గూట్లోంచి ముందు గదిలోకి వచ్చాయి. చదవడం పూర్తయిందో లేదో, గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. బోడిగుండు, నెరిసిన గడ్డం, నుదురంతా విభూతి, భుజాల మీద గోనెపట్టా. మా అత్తగారు పరవశించిపోయి కాళ్లు కడిగింది. మనిషి నోరు విప్పడు. ఆయనకు మౌనవ్రతం అని మా ఆయనే చెప్పాడు. నీకెలా తెలుసు అని నేను అడగబోతే మా అత్తగారు నా చెయ్యి గిల్లింది. ఆ మనిషి విస్తరి ముందు కూర్చుని, అన్నం కలుపుకుని, మొదటి ముద్ద పట్టుకుని ఒక్క క్షణం తల వంచి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఎంత భక్తి అని మా అత్తగారు నా చెవిలో అంది. తిన్నాక వెనక వరండాలో గోడవారగా పడుకుని, లేచి, దొడ్డి తలుపు తీసుకుని కాలవగట్టు మీదుగా పోయాడు.

రెండో గురువారమూ అతనే వచ్చాడు. ఆ తర్వాతా అతనే. విజయవాడలో ఇంతమంది బిచ్చగాళ్లుండగా, ప్రతి వారం మా గడప మొదట తొక్కేది ఆ ఒక్కడేనా? దొంగస్వామి ఎవడో మా ఆయనను పట్టాడు, ఇల్లు గుల్ల చేసి పోతాడు అనుకుని, అతను పడుకున్నంతసేపూ వెండి గ్లాసు నా ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

అప్పుడే ఇంకొకటి కనిపెట్టాను. మా ఆయన ప్రెస్సులో బైండింగు పని చేస్తాడు. కాగితాలు ఎత్తడం, లెక్కపెట్టడం, మడవడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. కాగితం తిప్పాలంటే చూపుడు వేలు నాలుకకు తగిలించుకోవాల్సిందే. పారాయణలో కూడా అంతే. పటం ముందు దీపం వెలుగుతుండగా, మా అత్తగారు కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉండగా, ఈ పెద్దమనిషి వేలు నాకి స్వామి చరిత్ర పేజీ తిప్పుతాడు. దేవుడి పుస్తకానికి ఎంగిలి చెయ్యి. కాస్తో కూస్తో నమ్మకం ఉన్న ఏ మనిషీ ఆ పని చెయ్యడు, వేలు దానంతటదే ఆగిపోతుంది. ఆ వేలు చూశాక నాకు సగం అర్థమైంది. ఈయనకు భక్తీ లేదు, పాడూ లేదు. ఇదంతా నాటకం.

నాటకం ఎందుకో ఊహించడం కష్టం కాలేదు. పార్టీ వాళ్లను ఇళ్ల మీద పడి పట్టుకుపోతున్నారు. కోర్టు లేదు, బెయిలు లేదు, ఎక్కడ పెట్టారో చెప్పేవాడు లేడు. మా ఆయన పార్టీ కాగితాలన్నీ నీళ్లపొయ్యిలో పెట్టి కాల్చింది నేను కళ్లారా చూశాను. భక్తుడి వేషం వేస్తే పోలీసుల జాబితాలోంచి తప్పుకోవచ్చని ఎత్తు అన్నమాట. అయితే ఆ గోనెపట్టా మనిషి ఎవడు? ఆ సాయంత్రం పెరట్లో నిలదీశాను.

"నీకు తెలియకపోతేనే మంచిది సీతా" అన్నాడు.

"నిన్ను తీసుకుపోతే నేనూ మీ అమ్మా ఏ కాలవలో దూకాలి? అది చెప్పు" అన్నాను. ఆయన తల వంచుకుని బకెట్టు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఇక నా ప్రాణం నా దగ్గర లేదు. వీధిలో మోటారుసైకిలు ఆగితే గుండె ఆగేది. ఆయన ప్రెస్సు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే వాకిట్లోకి ఇంట్లోకి తిరిగేదాన్ని. అత్తగారు మాత్రం, కొడుకు దారిలో పడ్డాడని స్వామికి వంద దణ్ణాలు పెట్టుకుంటూ హాయిగా ఉంది.

శ్రావణమాసంలో ఒక గురువారం. కుండపోతగా వాన. మా ఆయన పారాయణకు కూర్చున్నాడో లేదో మా పేట ఎస్సై హనుమయ్య గారు గొడుగు ముడుచుకుంటూ మెట్లెక్కారు. వెంట వచ్చిన కానిస్టేబులు ఎదురుగా బడ్డీకొట్టు చూరు కిందికి పోయాడు.

ఎస్సై గారు గుమ్మంలోనే ఆగి, దీపాన్నీ పటాన్నీ పుస్తకాన్నీ చూశారు. చూసి, బూట్లు విప్పారు. టోపీ తీశారు. నేను అనుకోనిది ఏమిటంటే, నడుముకున్న తోలు బెల్టు కూడా విప్పి బల్ల మీద పెట్టారు. తోలు ఒంటిమీద ఉండగా పటం ముందుకు రాకూడదన్నది నిజంగా పాటించేవాళ్లకే తెలుస్తుంది. నేనూ గురువారం అధ్యాయం అయ్యేదాకా ఉపవాసం ఉంటానమ్మా, మా నాన్నగారి నుంచి ఉంది మాకీ పారాయణ అన్నారు. మా అత్తగారు పొంగిపోయి, వానకు తడుస్తాయని ఆయన బూట్లు తనే తీసి లోపల బల్ల కింద పెట్టింది.

కూర్చోబోయే ముందు వచ్చిన పని చెప్పారు. కృపానందం మాస్టారు అని ఒకాయన కోసం చూస్తున్నారట. పుట్టుకకు క్రైస్తవులు, పార్టీలో పెద్ద తలకాయ, ఒత్తుగా మీసం, కళ్లద్దాలు. మీ పెళ్లి జరిపించింది ఆయనేనట కదా, ఈమధ్య ఇటు వచ్చారా అని నన్నే అడిగారు.

"పెళ్లిలో చూడటమేనండీ. మళ్లీ చూడలేదు" అన్నాను. నిజమే చెప్పాను కనుక మాట తడబడలేదు. మా అత్తగారు, నేను ఆ పెళ్లికే వెళ్లలేదు నాయనా అంది. మా ఆయన దీపం ఒత్తి ఎగదోస్తూ కూర్చున్నాడు.

పారాయణ వేళకు వచ్చినవాడు అది అయ్యేదాకా పోకూడదు, కానివ్వండి అని ఎస్సై గారు చాప మీద బాసింపట్టు వేసుకున్నారు. మా ఆయన చదవడం మొదలుపెట్టాడు. పేజీ చివరికి వచ్చింది. ఆ వేలు పైకి లేవడం నేను చూశాను. ఆపడానికి ఏం చెయ్యాలో తోచేలోగానే నాలుకకు తగలడమూ, పేజీ తిరగడమూ అయిపోయింది. ఎస్సై గారి కళ్లు ఆ వేలి మీద ఆగాయి. అక్కడి నుంచి మా ఆయన మొహం మీదికి వెళ్లాయి. మళ్లీ వేలి మీదికి వచ్చాయి.

"మీరు లేవండి. రెండు రోజుల నుంచి జ్వరం కదా, నోరు ఆరిపోతోంది మీకు. నేను చదువుతా" అని పుస్తకం లాక్కున్నాను. ఆ పుస్తకం నేను ముట్టుకోవడం అదే మొదలు.

ఆ వారం అధ్యాయంలో స్వామి ఒక మోతుబరి ఇంట భోజనానికి కూర్చుంటాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ మోతుబరి, ఇంతకీ తమరి పేరేమిటి అంటాడు. స్వామి కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచిపోతాడు. ఆ ఇల్లాలు ఊరి పొలిమేర దాకా వెంట పరిగెత్తి, మా వాళ్లు అడిగింది తప్పే, నాకు మీ పేరు వద్దు, మీరు తింటే చాలు అని మోకాళ్ల మీద పడుతుంది. అక్కడ నా గొంతు పట్టేసింది. ఏడుపంటే ఏడుపు కాదు, భయం. ఎస్సై గారు అది భక్తి అనుకున్నారో ఏమో, కళ్లు మూసుకుని వింటున్నారు.

హారతి ఇచ్చి విస్తరి వేశాం. నా మనసులో ఒకటే మొక్కు, ఇవాళ ఆ గోనెపట్టా మనిషి రాకుండా ఉంటే చాలు. బయట బూట్లు లేవు, జీపు లేదు, వానలో కానిస్టేబులు కనిపించడం లేదు, లోపల పోలీసు ఉన్నాడని వచ్చేవాడికి తెలిసే దారి లేదు. మా అత్తగారు వాకిట్లోకి వెళ్లి, సందు మొదట్లో తడుస్తూ నిలబడ్డ మనిషిని చూడనే చూసింది. రండి స్వామీ, ఆలస్యమైపోయింది అంటూ వానలోకి దిగి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గడప దాటించేసింది.

అతను ఎస్సై గారిని చూశాడు. ఇక వెనక్కి తిరగడానికి లేదు. వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. మా ఆయన గోడకు అంటుకుపోయాడు.

ఎవరమ్మా ఈయన, అని ఎస్సై గారు మా అత్తగారిని అడిగారు.

"అడక్కూడదు బాబూ. ఇప్పుడేగా విన్నావు" అంది మా అత్తగారు, చిన్నపిల్లవాడిని మందలించినట్టు. ఆవిడకు ఏ అనుమానమూ లేదు. ఆవిడ కంటికి అక్కడ కూర్చున్నది స్వామే.

ఎస్సై గారు ఆ మనిషినే చూస్తూ కూర్చున్నారు. నేను అన్నం వడ్డించాను, పప్పు వేశాను, నెయ్యి వేశాను. అతను కలుపుకున్నాడు. మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని, తల వంచి, కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి.

చారు గిన్నె నా చేతిలో ఉంది. ఆ వంగిన తలను నేను ఇంతకు ముందు చూశానని అప్పుడు తెలిసింది. ఇక్కడ కాదు, కంకిపాడు బడి వరండాలో. మా పెళ్లి భోజనాల దగ్గర, దేవుడు లేడని గంటసేపు ఉపన్యాసం చెప్పిన మాస్టారు, బంతిలో కూర్చుని మొదటి ముద్దకు ఇలాగే తల వంచి కళ్లు మూసుకుంటే, పార్టీ కుర్రాళ్లంతా గొల్లుమన్నారు. పార్టీలో చేరినా ప్రార్థన పోలేదు మాస్టారికి అని ఆటపట్టించారు. ఆయన సిగ్గుపడి, మా అమ్మ చేసిన అలవాటురా, చేతితో పాటే వస్తుంది అన్నారు. మీసం పోయింది, జుట్టు పోయింది, కళ్లద్దాలు పోయాయి. అలవాటు మాత్రం పోలేదు. నా చేతికీ మా ఆయన చేతికీ దండలు అందించిన మనిషి. ఆయనను దొంగస్వామి అనుకుని, వెండి గ్లాసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఎస్సై గారు కూడా ఆ తల వంకే చూస్తున్నారు. పుట్టుకకు క్రైస్తవులు అని చెప్పింది ఆయనే. మాస్టారు కళ్లు తెరిచి తినడం మొదలుపెట్టారు. నేను చారు పోశాను.

ఎస్సై గారు లేచారు. బల్ల దగ్గరికి కాకుండా విస్తరి దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద వంగి, నుదురు నేలకు ఆనించి దణ్ణం పెట్టారు. తర్వాత వెళ్లి బెల్టు పెట్టుకున్నారు, టోపీ పెట్టుకున్నారు. బెంజ్ సర్కిల్ దగ్గర మావాళ్లు వచ్చేపోయే జనాన్ని చూస్తున్నారు, సాయంత్రం దాకా అక్కడే ఉంటారు అని గోడకు చెప్పినట్టు చెప్పి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

వెళ్లాక మా ఆయన వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఎస్సై మాస్టారిని గుర్తుపట్టాడా లేదా? పట్టకపోతే ఆ సర్కిల్ మాట ఎందుకన్నాడు? పడితే దణ్ణం ఎందుకు పెట్టాడు? అటు పోవద్దని చెప్పాడా, ఇటు కాలవగట్టుకు తోలి అక్కడ కాపు కాశాడా? నా మనసు నిమిషానికో రకంగా తిరుగుతోంది. మాస్టారు మాత్రం పెరుగన్నం కూడా పూర్తి చేసి, విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, నా దగ్గర ఆగారు. అన్ని వారాల తర్వాత ఆయన గొంతు అప్పుడు విన్నాను.

"మీ పెళ్లి భోజనంలో చారు ఇంత బాగాలేదమ్మాయ్" అన్నారు.

దొడ్డి తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయారు. మా అత్తగారు, స్వామి మౌనం వదిలారు, కోడలితో మాట్లాడారు అని నా నుదుటిన కుంకుమ పెట్టింది. నేను ఆవిడకు ఏమీ చెప్పలేదు.

ఆ వారం ఎలా గడిచిందో అడక్కండి. మా ఆయనకు రెండు చొక్కాలు, తువ్వాలు, పళ్లపొడి సంచిలో సర్ది తలుపు వెనక పెట్టాను. ఎప్పుడొచ్చి తీసుకుపోతారో అని. ఎవరూ రాలేదు. మాస్టారు దొరికారన్న మాటా వినపడలేదు. బుధవారం నాడు మా ఆయన, ఇక ఆ పుస్తకం కట్టిపెడదాం, మాస్టారు ఇటు రారు అన్నాడు. ఇప్పుడు మానేస్తే మనంతట మనమే చెప్పుకున్నట్టు అవుతుంది, రేపు తలంటు పోసుకుని కూర్చో అన్నాను. వేలు ఒళ్లో పెట్టుకుని చదవమన్నాను.

చదివాడు. పేజీ చివర చెయ్యి లేచి, గాలిలో ఆగి, వెనక్కి వచ్చింది. గోటితో నానా తంటాలు పడి తిప్పాడు. పూర్తయ్యాక విస్తరి వేశాం. అప్పుడు గడప తొక్కింది ఎస్సై హనుమయ్య గారు. యూనిఫారం లేదు. తెల్ల పంచె, భుజాన కండువా. ఒక్కరే వచ్చారు. మా ఆయన సంచి ఉన్న తలుపు వంక చూశాడు. ఎస్సై గారు ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్లి ఆ విస్తరి ముందు కూర్చున్నారు. మా అత్తగారు చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడిగింది.

ఎందుకు వచ్చారండీ అని అడగడానికి లేదు. నేను వడ్డించాను. ఆయన నిదానంగా, పప్పూ చారూ పెరుగూ అన్నీ వేయించుకుని తిన్నారు. విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, పటానికి దణ్ణం పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి మా ఆయన వైపు తిరిగారు.

"అడగకూడదన్న నియమం మీరు పెట్టింది కాదు, స్వామి పెట్టింది. అందుకని ఊరుకున్నాను" అన్నారు. కండువా సర్దుకుంటూ, "నువ్వు మాత్రం ఆ వేలు తడపడం మానుకోవయ్యా. నాలాంటివాడు ఇంకొకడు చూస్తే అనుమానపడతాడు" అన్నారు. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

మా ఆయన చాలాసేపు తన వేలి వంక చూసుకుంటూ కూర్చున్నాడు. నేను తలుపు వెనక సంచి తీసి చొక్కాలు మళ్లీ పెట్టెలో పెట్టాను.

ఎమర్జెన్సీ ఎత్తేశాక మాస్టారు మీసంతో సహా మా ఇంటికి పట్టపగలు వచ్చి, భోంచేసి వెళ్లారు. దాచాల్సిన మనిషి ఇక ఎవరూ లేరు. పటాలు వంటింటి గూట్లోకి పోతాయని, పుస్తకం అటక ఎక్కుతుందని అనుకున్నాను. ఆ గురువారం పొద్దున్నే మా ఆయన తలంటు పోసుకొచ్చి, పక్కన చిన్న గిన్నెలో మంచినీళ్లు పెట్టుకుని, పుస్తకం తెరిచాడు. పేజీ చివర గిన్నెలో వేలు ముంచి తిప్పాడు. ఆ తర్వాతి గురువారమూ అంతే. ఎందుకని నేను అడగలేదు. అనుమానం మాత్రం ఇప్పటికీ పోలేదు.